ముందు చూసిందెవరు

తెల్లవారుజామున మా ఇంటి నుంచి చేపల రేవుకు వెళ్లి, కావడి తట్టలు రెండూ నెత్తళ్ల చేపలతో నింపుకుని తిరిగి రావడానికి ముప్పావుగంట చాలు. నాకు గంటా ముప్పావు పడుతుంది. ఆ తేడా మూడేళ్లుగా మా అత్తగారికి మింగుడుపడటం లేదు. “పడవలు ఆలస్యమయ్యాయత్తయ్యా” అంటాను. “ఐసుబండి రాలేదత్తయ్యా” అంటాను. ఆవిడ చేతిలో చేట పక్కన పెట్టి నా మొహం వంక కాకుండా నా కాళ్ల వంక చూస్తుంది. “ఐసుబండి కోసం నిలబడితే పిక్కల దాకా ఇసకెలా అంటిందే?” అంటుంది. నేను తేలుకుట్టిన దొంగలా కుళాయి దగ్గరికి పోయి కాళ్లు కడుక్కుంటాను. ఆ రోజుకి మాట అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే ఉప్పు పట్టించాల్సిన చేపలు ఎవరి పోట్లాట కోసమూ ఆగవు. చేపలకు తొందరగా చెడిపోయే గుణం ఉండబట్టి ఈ ఇంట్లో నేను చాలాసార్లు బతికి బయటపడ్డాను.

ఆ మిగిలిన గంటలో నేను చేసేది నడవడం. అంతే. ఎవరింటికీ వెళ్లను, ఎవరినీ కలవను. ఈ సముద్రపొడ్డు గాన్ మే ఊరికి కోడలిగా వచ్చి పదిహేనేళ్లయింది. నేను పుట్టింది కొండల పక్క, వరిపొలాల ఊళ్లో. సముద్రాన్ని మొదటిసారి చూసింది పెళ్లిరోజునే. వచ్చాక మొదటి పన్నెండేళ్లూ నాకు తెలిసిన ఊరల్లా మూడు దారులు: రేవుకు ఒకటి, సంతకు ఒకటి, గుడికి ఒకటి. మూడేళ్ల కిందట కాలవ కోసం రేవు దారి తవ్విపోశారు. చుట్టుతిరిగి పోదామని ఒక సందులోకి మళ్లాను. కావడి పట్టనంత ఇరుకు సందు, తట్టలు చేతుల్లోకి తీసుకుని పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది. ఆ సందు ఇంకో సందులోకి, అది మెట్ల మీదికి, మెట్లు ఒక నీలం గోడ దగ్గరికి తీసుకెళ్లాయి. గోడ మలుపు తిరిగేసరికి ఊరంతా నా కాళ్ల కింద ఉంది. రేకుల కప్పులు, వాటి మీద ఆరేసిన వలలు, ఒడ్డున బోర్లించిన బుట్టపడవలు, దూరంగా ఇంటికొస్తున్న పడవల దీపాలు. పన్నెండేళ్లు కాపురం చేసిన ఊరిని నేను అప్పుడే చూశాను. సంతోషం కన్నా ముందు కోపం వచ్చింది. ఇంత ఊరు ఇక్కడుంటే నాకు ఒక్కరూ చెప్పలేదేం అనిపించింది. నెలలోపే దారి పూడ్చేశారు గానీ నేను మాత్రం మళ్లీ రేవు దారి పట్టలేదు.

ఇప్పుడు ఈ ఊరు నా కాళ్లకు కంఠతా వచ్చు. అప్పడాల అవ్వ బియ్యప్పిండి అప్పడాలకు పొయ్యి ఎప్పుడు రాజేస్తుందో తెలుసు. ఏ గుమ్మంలో కుక్క అరుస్తుందో, ఏ పెరట్లో చేపలు ఉప్పులో ఊరేసిన ఊట జాడీకి మూత సరిగా పెట్టలేదో వాసనబట్టి చెప్పగలను. ఇసక దిబ్బ మీది సమాధుల మధ్య నుంచి దాటితే రాళ్లు వస్తాయి, రాళ్లు దిగితే వెనక రేవు. పేరుకే రేవు. రాళ్ల వల్ల అక్కడ పడవ ఆగదు, కాబట్టి మగవాళ్లకు అక్కడ పనిలేదు. పెళ్లికాని జంటలు పోతారని చెడ్డపేరు కాబట్టి ఆడవాళ్లు అటు చూడరు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది. అక్కడ రాయి మీద ఐదు నిమిషాలు కూర్చుని, ఎవరికోసమూ కాని ఊపిరి నాలుగుసార్లు పీల్చుకుని, పరుగున రేవుకొచ్చి తట్టలు నింపుకుంటాను.

ఆ గంట నాకెందుకంత ముఖ్యమో చెప్పాలంటే మిగతా గంటలన్నీ చెప్పాలి. చెప్పను, మీకూ తెలిసినవే. ఒకటి మాత్రం చెప్తాను. నా భర్త థోయ్‌కి పడవ ఉంది. ఆ పడవ వలలో తెగిన ప్రతి కన్నూ నేనే ముడేస్తాను. వేళ్ల సందులు ఉప్పుకు పగిలి, ఆ పగుళ్లలో నైలాను దారం కోసుకుపోతుంటే కూడా వేస్తాను. కానీ ఆ వలను నేను దాటకూడదు. ఆడది దాటితే చేప పడదు. ఆ పడవ ఎక్కకూడదు. ఒకసారి మా అమ్మాయి యెన్ పొట్టలో ఉండగా, తూలి పడబోయి పడవ అంచు పట్టుకున్నానని థోయ్ మూడు రోజులు వేటకు పోలేదు. వేపాకులాంటి మొహం పెట్టుకుని పడవంతా అగరొత్తులు తిప్పాడు. “నీడపట్టున కూర్చునే నీకు మా కష్టమేం తెలుస్తుందే” అన్నాడు. యెన్ పుట్టాక ఇంకో మాట కూడా చేరింది. “ఆ రోజు పట్టుకున్న పడవే కొడుకుని తినేసింది” అంది మా అత్తగారు. యెన్‌కి ఇప్పుడు పదమూడేళ్లు. దానికీ ఆ మాట తెలుసు.

మా వైపు మనుషుల్ని పేరుతో పిలవరు, పుట్టిన వరసతో పిలుస్తారు. థోయ్ మూడోవాడు, కాబట్టి నేను ఊరందరికీ మూడో వదినని, మూడో పిన్నిని. పుట్టింట్లో నేను ఆరోదాన్ని. ఆ ఆరును పెళ్లిబండి ఎక్కేరోజే అక్కడ వదిలేశాను. లుయెన్ అనే నా పేరు రేషను కాగితంలో ఉంది.

ఇక జరిగిన సంగతి. ఈ ఏడు రెండో నెలలో, మూడు రోజులు గాలి వీచి ఆగిన తెల్లవారి, వెనక రేవులో రాళ్లు దిగుతుంటే నీళ్లంచున నల్లగా ఏదో కనిపించింది. బోల్తాపడ్డ పడవ అనుకున్నాను. దగ్గరికెళ్తే అది ఊపిరి వదిలింది. నా చేతిలోంచి కావడి జారిపోయింది.

మీరు తిమింగలం అంటారు. మా ఊళ్లో ఆ మాట ఎవరి నోటా రాదు. అయ్యగారు అంటాం. గాలివానలో మునిగే పడవ కిందికి వచ్చి వీపుమీద మోసి ఒడ్డుకు చేరుస్తారని నమ్మకం. ఆయనకు గుడి ఉంది, ఏటా జాతర ఉంది. ఆయన ఒడ్డుకొచ్చి కన్నుమూస్తే, ముందు ఎవరు చూశారో వాళ్లే ఆయనకు పెద్దకొడుకు. తండ్రికి చేసినట్టే అన్నీ చేయాలి. తలకు తెల్లగుడ్డ, చేతిలో కర్ర, శవం ముందు నడక, మూడేళ్ల సంతాపం. ఆ ఇంటికి ఇక సముద్రం కీడు చేయదంటారు, ఊరు ఆ మనిషిని చూసి లేచి నిలబడుతుంది. ఇంతవరకూ పెద్దకొడుకులంతా మగవాళ్లే. ఒడ్డు వెంట ఊరికే తిరిగేది వాళ్లే కదా.

ఇవేవీ ఆ నిమిషం నాకు గుర్తులేవు. నాకన్నా రెండింతల పొడవున్న ప్రాణం ఇసకలో దిగబడి కొట్టుకుంటోంది. చేపల తట్టల్లో నీళ్లు నిలవవు. మెడకు చుట్టుకున్న గళ్ల గుడ్డ తీసి, సముద్రంలో ముంచి ఆయన వీపు మీద పిండాను. ఎన్నిసార్లు పరిగెత్తానో తెలియదు. కన్ను చిన్నది, నల్లనిది, నన్నే చూస్తోంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య నేను ఏవేవో మాట్లాడాను. మా నాన్న పోయినప్పుడు నేను వెళ్లేసరికి మట్టి చేసేశారు. నెత్తళ్ల అదునని మా అత్తగారు రెండు రోజులు పంపలేదు. “పెళ్లయిన కూతురు పరాయిది, ఆలస్యమైతే మునిగిపోయేదేం లేదు” అంది. అప్పుడు నాన్నతో అనాల్సినవన్నీ ఆ పొద్దున అయ్యగారితో అన్నాను. చివరి ఊపిరి బయటికి వచ్చింది, ఆ తర్వాత ఇంకోటి రాలేదు. తడిగుడ్డ ఆయన కంటి మీద కప్పి, ఇసకలో కూర్చుని బావురుమన్నాను.

రేవులో థోయ్ పడవ దగ్గర వల దులుపుతున్నాడు. చెవి దగ్గరికెళ్లి చెప్పాను. అతని మొహం పాలిపోయి, మళ్లీ రక్తం పొంగి ఎర్రబడింది.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు. నీకే.”

“నోరెత్తకు. తట్టలు నింపుకుని ఇంటికి పో.”

రెండు అంగల్లో మోటారుబండి ఎక్కాడు. నేను తట్టలు నింపుకుని ఇంటికి పోలేదు. అతని వెనకే పరిగెత్తాను. సమాధుల దిబ్బ ఎక్కేసరికే కింద నుంచి కేక వినిపించింది. “అయ్యగారొచ్చారు! నేను చూశాను! అయ్యగారొచ్చారు!” నేను రాళ్లు దిగేసరికి అతను బనీను చించి తలకు కట్టుకుని, ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఊరి మగాళ్లంతా చూస్తుండగా ఏడుస్తున్నాడు. నిజం కన్నీళ్లే. పదిహేనేళ్లలో మొదటిసారి చూశాను.

గుడి పెద్ద ఏడో తాత వచ్చాడు. ఎనభై దాటినవాడు, కళ్లజోడు వలదారంతో కట్టుకుంటాడు. ఆయన థోయ్ తల మీది బనీను ముక్కను చూసి, “ఆగరా, తొందరపడకు. మధ్యాహ్నం గుడిలో మూడుసార్లు అడుగుతాను. మూడుసార్లూ నువ్వే అయితే అప్పుడు కట్టుకుందువుగాని” అన్నాడు. అది మా పద్ధతి. అబద్ధపు కొడుకు ముందు నడిస్తే అయ్యగారికి దారి దొరకదని భయం. ఆ కోపం ఊరి పడవల మీద పడుతుంది.

ఇంటికొచ్చాక మా అత్తగారు నాకు తెల్లగుడ్డ తాను అందించింది. “మీ ఆయన తలకు సరిపడా చించు. అంచు కుట్టకు, సంతాపపు గుడ్డకు అంచు ఉండకూడదు” అంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. పండగనాడు కూడా అంత వెలుగు చూడలేదు. నేను గుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

“అత్తయ్యా, ముందు చూసింది నేను.”

ఆవిడ ఆశ్చర్యపోలేదు. తెలుసన్నమాట. “అయితే?” అంది.

“మీ చిన్నప్పుడు ఒకడు ఇలాగే ఇంకొకరు చూస్తే తను చూశానని గుడ్డ కట్టుకున్నాడనీ, ఆ ఏడు మూడు పడవలు తిరిగి రాలేదనీ మీరే కదా చెప్పారు.”

“అది వేరు. వాడు పరాయివాడి చూపు దొంగిలించాడు. మొగుడూ పెళ్లాల మధ్య దొంగతనం ఏవుంటదే? నువ్వు చూస్తే వాడు చూసినట్టే. నువ్వు వండితే వాడు తినట్లా?”

ఆవిడకు ఈ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో అని చాలాసేపు ఆలోచించాను. ఆవిడ కూడా నలభై ఏళ్లు వలలు ముడేసింది. వేళ్లు వంకరపోయి ఇప్పుడు అన్నం గిన్నె కూడా సరిగా పట్టుకోలేదు. ఆవిడ చూసినవన్నీ ఎవరి పేరు మీద పోయాయో, అడగాలనిపించింది గానీ అడగలేకపోయాను.

థోయ్ స్నానం చేసి గంజి తాగడానికి కూర్చున్నాడు. నేను గిన్నె పెట్టి ఎదురుగా నిలబడ్డాను.

“పెద్దకొడుకట! ఆడది!” అని నవ్వాడు. “ఇంటికి ఒక కొడుకుని ఇవ్వలేనిదానివి, నువ్వే కొడుకైపోదామనుకుంటున్నావా?”

యెన్ గుమ్మంలో నిలబడి ఉంది. విన్నట్టు కూడా కనిపించకుండా తల వంచుకుని లోపలికి పోయింది. దానికి ఆ విద్య నా దగ్గర్నుంచే వచ్చింది.

“సరే చెప్పు” అన్నాడు థోయ్, గంజిలోకి ఎండుచేప విరుచుకుంటూ. “గుడిలో లేచి చెప్పు. తాత మొదట అడిగేదేంటో తెలుసా? తెల్లారకముందు వెనక రేవులో నీకేం పని అంటాడు. ఏం చెప్తావు? రోజూ గంటసేపు ఎక్కడికి పోతున్నావో చెప్తావా? ఎవడితో అని ఊరంతా అడుగుతుంది. నేనూ అడుగుతాను.”

“ఎవడూ లేడు.”

“నాకు తెలుసు” అన్నాడు. అది విని ఇంకా భయమేసింది. తెలిసే అడుగుతానంటున్నాడు.

కాసేపటికి గిన్నె పక్కకు తోసి గొంతు తగ్గించాడు. “చూడు లుయెన్. రెండేళ్లనుంచీ పడవకు ఏదీ కలిసి రావట్లేదు. ఇద్దరు పనోళ్లు నన్నొదిలి వేరే పడవెక్కారు. మిగిలినోళ్లూ పోయేట్టున్నారు. ఈ ఒక్కటీ ఉంటే నిలబడతాను. నీకిది దేనికి? నువ్వేం చేసుకుంటావు దీన్ని? నాకొదిలెయ్.”

నా పేరు పెట్టి పిలిచాడు. అతనికి నా పేరు గుర్తుందని నాకే తెలియదు. ఆ పిలుపుకు గుండె కరిగింది, దాచడమెందుకు. గుడ్డ తీసుకుని అతని తల చుట్టుకొలతకు సరిగ్గా చించాను. చిరుగుతున్న చప్పుడు పళ్ల మీదికి వచ్చింది. పోనీలే అనుకున్నాను. పదిహేనేళ్లలో ఎన్ని పోనిచ్చాను, ఇదొక లెక్కా? పైగా నోరు మూసుకుంటే నా గంట నాకు మిగులుతుంది. రేపు పొద్దున మళ్లీ మెట్లెక్కి, నీలం గోడ మలుపు తిరగొచ్చు. నోరు విప్పితే ఈ ఇంట్లో నా కాళ్లకు తాళం పడుతుంది. అలా బేరం కుదుర్చుకునే గుడికి వెళ్లాను.

గుడి వాకిలి నిండిపోయింది. మగవాళ్లు ముందు చాపల మీద, ఆడవాళ్లం పక్కన వంట పాక అంచున. అయ్యగారి శరీరం కడగడానికి సారాలో వేసే అల్లం దంచుతున్నాం. ఎర్రగుడ్డ మీద ఆయన్ని పడుకోబెట్టారు. నా గళ్ల గుడ్డ ఇంకా ఆయన కంటి మీదే ఉంది. ఏడో తాత ఎదుట పళ్లెంలో నేను చించిన తెల్లగుడ్డ.

“అయ్యగారిని ముందు చూసిందెవరు?” మొదటిసారి అడిగాడు తాత.

“నేను తాతా” అన్నాడు థోయ్.

“ఆ గళ్ల గుడ్డ?”

“మా ఆవిడది. చలికి మెడకు చుట్టుకెళ్లాను.”

ఎంత తొందరగా అతికించాడో! ఆడవాళ్లలో ఒకామె నా వంక చూసింది. నేను రోకలి ఆపలేదు.

“ముందు చూసిందెవరు?” రెండోసారి.

“నేనే తాతా.”

“ఏ పని మీద పోయావురా అటు? అక్కడ పడవాగదు కదా.”

“పనేం లేదు. ఊరికే అలా నడుచుకుంటూ పోయాను తాతా.”

తాత తలూపాడు. చాపల మీద వాళ్లందరూ తలలూపారు. ఎవరో “మరే, అయ్యగారే పిలిచుంటారు” అన్నారు కూడా.

నా చేతిలో రోకలి అక్కడే ఆగిపోయింది. ఊరికే. అలా. నడుచుకుంటూ. మూడేళ్లుగా నేను లోపల దాచుకుని చస్తున్న మాట అది. ఆ గంటను ఐసుబండి కింద దాచాను, పడవల కింద దాచాను, కాళ్లకు అంటిన ఇసకను దొంగసొత్తులా కడుక్కున్నాను. అతను దాన్ని నలుగురి మధ్యా చొక్కా విప్పి భుజాన వేసుకున్నంత తేలిగ్గా చెప్పాడు, ఊరంతా తలూపింది. చూపు తీసుకుంటే పోనిచ్చాను. నా నడక కూడా తీసుకుని, అది తనకైతే దేవుడి పిలుపూ నాకైతే లంజరికమూ చేశాడు. ఒళ్లంతా అగ్గి అంటుకుంది.

“మూడోసారి అడుగుతున్నాను. ముందు చూసిందెవరు?”

“నేను” అన్నాను.

నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. మగవాళ్లంతా వెనక్కి తిరిగారు. థోయ్ తిరగలేదు. అతని మెడ మాత్రం బిగుసుకుంది.

తాత కళ్లజోడు సర్దుకున్నాడు. “ఎవరమ్మా? మూడోవాడి భార్యవా? వెనక రేవులో నీకేం పని?”

“పనేం లేదు. ఊరికే అలా నడుచుకుంటూ పోయాను తాతా.”

ఈసారి ఒక్క తలా ఊగలేదు. నవ్వులు మొదలయ్యాయి. “ఊరికేనంట!” అన్నాడొకడు. “తెల్లారకముందు ఊరికేనంట! జతెవరో!” అన్నాడు ఇంకొకడు. మా అత్తగారు భుజం మీది గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుంది. థోయ్ లేచి నిలబడ్డాడు. “దానికి మతిపోయింది తాతా, పొద్దున్నుంచీ ఇలాగే వాగుతోంది. ఇంటికి పంపించేస్తాను” అని నా వైపు రెండడుగులు వేశాడు. పారిపోవాలనే ఉంది. పళ్లు బిగించి, దారి మొత్తం చెప్పడం మొదలుపెట్టాను. సందు, మెట్లు, నీలం గోడ, అప్పడాల అవ్వ పొయ్యి, ఊట జాడీల పెరడు, సమాధుల దిబ్బ, రాళ్లు. “మూడేళ్లనుంచీ రోజూ. ఒక్కదాన్నే” అన్నాను.

“ఎవరు చూశారు?” అన్నాడు థోయ్.

“నేను చూశాను.”

ఆ మాటన్నది అల్లం తొక్క తీస్తున్న అప్పడాల అవ్వ, తల కూడా ఎత్తకుండా. “నా పొయ్యి ముందునుంచే పోద్ది. మూడేళ్లనుంచీ. ఒక్కతే. ఇయ్యాల కూడా పోయింది.”

“మా మెట్ల మీద నుంచే తాతా” అంది వెనక నుంచి ఇంకొకామె. “మా కుక్క కూడా అరవటం మానేసింది.”

“నేను గంజి దించేది ఈ వదిన కిటికీ దాటాకే” అంది ఊట జాడీల ఇంటి కోడలు. ఆమెతో నేను ఎన్నడూ మాట్లాడలేదు. “నాకు గడియారం అక్కర్లేదు. మూడో వదినే గడియారం.”

ఇన్నాళ్లూ నన్నెవరూ చూడలేదనుకున్నాను. సందు సందునా చూశారు. ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదని ఎగతాళి చేస్తారు కదా, ఈ ఊరి ఆడవాళ్ల నోట్లో నా నడక మూడేళ్లు నానింది. ఒక్కరు కూడా మా అత్తగారి చెవిన వేయలేదు. నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి.

“సరే, నడిచిందే అనుకో” అన్నాడు తాత. “నడిస్తే సరిపోద్దా? మూడోవాడు కూడా నడిచాడు. నువ్వెళ్లేసరికి అయ్యగారు ఎలా ఉన్నారు?”

“బతికే ఉన్నారు తాతా.”

నవ్వులు ఆగిపోయాయి. ఆ మాట థోయ్‌కి నేను చెప్పలేదు. అతను అడగలేదు.

“వీపు మీద నీళ్లు పిండాను. ప్రాణం నిలవలేదు. పదకొండు ఊపిర్లు తీశారు. ఆ తర్వాత కంటి మీద గుడ్డ కప్పాను. మూడోవాడు వచ్చేసరికి ఆయన లేరు.”

తాత థోయ్ వైపు తిరిగాడు. “నిజమేనట్రా?”

థోయ్ నోరు తెరిచాడు. అయ్యగారి వైపు చూసి మళ్లీ మూసుకున్నాడు. ఎంత చెడ్డా సముద్రం మీద బతికేవాడు. ఆయన ఎదుట మూడో అబద్ధం నోరు దాటి రాలేదు. చాప మీద కూలబడ్డాడు. నాకు జాలేసింది. రేపు ఆ మిగిలినవాళ్లు కూడా పడవ దిగిపోతారని తెలుసు, ఆ ఇంట్లోనే నేను కూడా ఉండాలనీ తెలుసు. అయినా వెనక్కి తగ్గాలనిపించలేదు.

పెద్దలు తలలు దగ్గరపెట్టి చాలాసేపు గుసగుసలాడారు. ఆడదాని వెనక శవయాత్ర నడిస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అబద్ధపు కొడుకు వెనక నడిస్తే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు. చివరికి ఏడో తాత దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

“ఆచారం చూసినవాళ్లే కొడుకు అంది గానీ మగాడా ఆడదా అని చెప్పలేదు. కానీ అమ్మా, ఇది ఒక్క రోజుతో పోయేది కాదు. మూడేళ్లు సంతాపం ఉండాలి. అమావాస్యకీ పున్నానికీ సమాధి దగ్గరికి పోయి ధూపం వెయ్యాలి. ఊరి మగాళ్లకు ముందు నువ్వు నడవాలి. ఇంటి ఇల్లాలివి, నీ అంతట నువ్వు ఒప్పుకుంటే చాలదు.” ఆయన థోయ్ వైపు తిరిగాడు. “ఏరా మూడోవాడా, నువ్వు ఒప్పుకుంటావా? నీ అనుమతి ఉంటేనే.”

వాకిలంతా థోయ్ వంక చూసింది. అతను మెల్లగా తల ఎత్తాడు. వంగిన వీపు నిటారుగా అయింది. పోయిందనుకున్నది ఇంకా తన చేతిలోనే ఉందని అతనికి అప్పుడే తెలిసింది. చెప్పడానికి ముందు గుటక మింగాడు, తొందరేముందన్నట్టు.

నేను చాపల మధ్య నుంచి నడిచి వెళ్లి పళ్లెంలోని తెల్లగుడ్డ చేతిలోకి తీసుకున్నాను.

“తాతా, తండ్రి పోతే ఈ ఊళ్లో ఏ కొడుకైనా పెళ్లాం అనుమతి అడిగి తలగుడ్డ కట్టుకున్నాడా?”